డబ్బా మూత మీది పిల్లి

దేవదానం బ్లేడు అంచుతో ఫిలిం మీది పూత గీకుతున్నాడు. గట్టిగా గీకితే ఫిలిం చిరుగుతుంది, తేలిగ్గా గీకితే అతుకు నిలవదు. పూత పోయి తేటపడిన చోట చీపురుపుల్లతో మందు రాశాడు. గోళ్లరంగు వాసన లాంటి ఘాటు గదంతా అలుముకుంది. రెండో ముక్క అంచు తెచ్చి, పక్కల బెజ్జాలు బెజ్జాల మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసి, బొటనవేలితో అదిమిపట్టుకున్నాడు. మందు ఆరేదాకా వేలు తియ్యకూడదు. ఆ వేలికి గోరు ఎప్పుడో పోయింది. గోరు ఉండాల్సిన చోట కాయ కాసిన చర్మం.

రైలు పట్టాలు ఆగిపోయే ఊరు రేపల్లె. స్టేషను దారిలో ఉన్న ఆ సినిమా హాల్లో దేవదానం ఒక్కడే ఆపరేటరు. ఊళ్లో వీడియో కొట్లు వెలిశాక సాయానికి మనిషిని పెట్టడం దండగనుకున్నారు. మిషను కూడా ఒక్కటే. దాని వెలుగు రెండు కార్బను కడ్డీల మధ్య పుడుతుంది. అవి ఎదురెదురుగా మండుతూ అరిగిపోతుంటే, మర తిప్పుతూ దగ్గరికి జరుపుతూ ఉండాలి. జరిపే చెయ్యి పక్కకుపోతే తెర మీద బొమ్మ ఎర్రబడుతుంది, ఆపైన ఆరిపోతుంది. అందుకే ఆట నడిచినంతసేపూ ఆపరేటరు కట్టేసిన ఎద్దు. ఇంటర్వెల్లో తప్ప గుంజ వదలదు.

ఇనపమెట్లు మోగాయి. మేనేజరు గౌరీశంకరం పైకొచ్చాడు. పౌడరు మొహం, చంకలో గొడుగు.

"ఏంటయ్యా, ఇంకా ఆ బొమ్మల రీలేనా?"

"అయిపోయిందండి."

"ఎక్కడ తెగింది?"

"పిల్లి దగ్గరండి."

"మళ్లీ పిల్లి దగ్గరేనా? ఆ ముక్క కోసి అవతల పారెయ్యమని ఎన్నిసార్లు చెప్పానయ్యా నీకు?"

దేవదానం వేలు తియ్యలేదు, తల ఎత్తలేదు.

"ఇవాళ మ్యాట్నీకి ప్రొప్రయిటరు గారి మనవరాలు వస్తుంది. పుట్టినరోజు. కాన్వెంటు పిల్లలందర్నీ తోలుకొస్తున్నారు. వాళ్లొచ్చేది ఈ బొమ్మ కోసం, పెద్ద సినిమా కోసం కాదు. అయ్యగారి ముందు రీలు తెగిందా, నీ పని నీకూ లేదు, నా పని నాకూ లేదు."

"తెగదండి."

"తెగితే?"

"తెగదన్నాగదండీ."

"పిల్లి లేకపోతే కథేమన్నా మారిద్దా? కుక్క ఉంది, బాతు ఉంది. పిల్లెవడికి కావాలి?" గౌరీశంకరం గొడుగు కొసతో నేల మీద పొడిచాడు. "ఇదే ఆఖరు. తెర మీద కుదుపు కనబడిందా, నేనే వచ్చి కోసేస్తా."

అతను దిగిపోయాక దేవదానం వేలు తీశాడు. అతుకు పట్టింది.

ఆ బొమ్మల రీలు హాలు కట్టినప్పుడు మిషనుతోపాటు వచ్చింది. దాని పేరేంటో ఎవరికీ తెలియదు. పేరున్న మొదటిముక్క ఏనాడో అరిగి ఊడిపోయింది. పెద్ద సినిమాకు ముందు, జనం సర్దుకునేదాకా దాన్ని వేస్తారు. ఒక లావు కుక్క ఒక బాతును తరుముతుంది. బొమ్మంతా అదే తరుముడు. మధ్యలో ఒక సందు వస్తుంది. సందు చివర చెత్తడబ్బా. డబ్బా మూత మీద బక్కచిక్కిన బూడిదరంగు పిల్లి ముడుచుకుని నిద్రపోతుంటుంది. బాతు వచ్చి డబ్బా వెనక దూరుతుంది. కుక్క వచ్చి డబ్బాను తన్నుతుంది. మూతతో సహా పిల్లి ఆకాశానికి ఎగిరి, ఎవరిదో ఇంటి పొగగొట్టంలో పడి, పొయ్యిలోంచి నల్లగా మాడి బయటికొస్తుంది. తుమ్ముతుంది. ఎవరివైపూ చూడదు. గోడవారనే నడిచి వెళ్లిపోతుంది. మళ్లీ బొమ్మలో ఎక్కడా కనబడదు.

అది ఎవరి జోలికీ పోలేదు. బాతును దాచలేదు, కుక్కకు చూపెట్టలేదు. పడుకుంది. అదే దాని నేరం. హాలు మాత్రం అక్కడే ఎక్కువ నవ్వుతుంది. నేల టిక్కెట్టు వాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతారు. పొద్దున్నించీ ఆసామి చేత తిట్లు తిని వచ్చినవాడూ నవ్వుతాడు, మొగుడి చేత తన్నులు తిని వచ్చినదీ నవ్వుతుంది. పైనుంచి చూసే దేవదానానికి ఒళ్లు మండేది. తన్నేవాడు నవ్వాడంటే సరే. తన్నులు తినేవాడికి ఏం నవ్వొచ్చిందని?

నవ్వనిది ఒక్క రూతే.

రూతు అతని పెళ్లాం. ఆడవాళ్ల గేటు దగ్గర టిక్కెట్లు చించేది. పిల్లి వచ్చే వేళకి పని ఆపి, గేటు తెర కాస్త పక్కకు తీసి నిలబడేది. బయటి ఎండ సన్నటి గీతలా లోపలికి పడేది. దేవదానానికి పైనుంచి మనిషి కనబడేది కాదు, ఆ ఎండ గీత కనబడేది. ఇంటర్వెల్లో టీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కి వచ్చేది.

"ఇవాళ కూడా లేవలేదయ్యా."

"ఏంటి లేవంది?"

"మన పిల్లి. కుక్క వచ్చేలోపు లేచిపోద్దేమోనని చూశా."

"నీకేమన్నా పిచ్చా? బొమ్మ అది. రోజుకో రకంగా ఎట్టా లేచిద్ది?"

"ఏమో. రోజూ తన్నులు తినడానికి దానికి మాత్రం విసుగు పుట్టదా?"

మర్నాడూ అదే మాట. ఆ మాటకు అతనూ రోజూ విసుక్కునేవాడు. అది వాళ్లిద్దరి మధ్య టీతోపాటు వచ్చేది. చిన్నప్పుడు వేటపాలెంలో జీడిగింజలు కొట్టిన చేతులు ఆమెవి. జీడి తినేసిన వేళ్లు ఎన్నేళ్లయినా తెల్లబడలేదు. ఆ వేళ్లతో గ్లాసు అందిస్తూ, "పొయ్యిలోంచి వచ్చిన పిల్లి కాళ్లూ నా చేతులూ ఒకటేగదా," అనేది.

దేవదానం పుట్టింది కొలకలూరు. తండ్రి దుగ్గిరాల వైపు పసుపు చేలల్లో కూలికి పోయి, ఆ పసుపు గోళ్లతోనే పోయాడు. మిషనరీల బడిలో అయిదు చదివి, దేవదానం తెనాలి చేరాడు. గోడలకు సినిమా బొమ్మలు అంటించాడు. మిషనుకు నూనె పోశాడు. ఆపరేటరు తిట్లు తిని పని నేర్చుకున్నాడు. బాపట్లలో ఒక డేరా హాల్లో ఉండగా, ఆదివారం వేటపాలెం నుంచి వచ్చిన జీడి కూలీ ఆడవాళ్లలో రూతును చూశాడు. సినిమాల వాడికి పిల్లనిస్తారా అని పాస్టరుగారు ముక్కు విరిచాడు. అయినా ఇచ్చారు. పిల్లలు పుట్టలేదు. రేపల్లెలో ఈ హాలు కట్టినప్పుడు ఇద్దరికీ పని దొరికింది, ఒకే కప్పు కింద. అంతకుమించి వాళ్లు ఏమీ కోరుకోలేదు.

మధ్యాహ్నం మెట్ల కింద కూర్చుని అన్నం విప్పాడు. హాలు ముందు వేరుశనక్కాయలు అమ్మే పున్నమ్మ బుట్ట పక్కనపెట్టి వచ్చింది.

"ఏంటన్నా, మొహం అట్టా గంటుపెట్టుకున్నావు?"

"ఎప్పుడు లేదు?"

"అదీ నిజమేలే. రూతక్క ఉన్నప్పుడైనా నువ్వు నవ్వగా చూసినోళ్లు లేరు. నీ వాటా కూడా ఆయమ్మే నవ్వేది."

దేవదానం అన్నం కలుపుతూ, "మేనేజరు పిల్లిని కోసెయ్యమంటున్నాడు," అన్నాడు.

"ఏ పిల్లి?"

"డబ్బా మీద పిల్లి."

"కోసేత్తే కోసెయ్యి. పిల్లి కోసం పీక మీదికి తెచ్చుకుంటావా?"

"నీకు తెలవదులే."

"నాకెందుకు తెలవదు? ఆ రోజు నీకు చెప్పింది నేను కాదూ?"

అవును, ఆమే చెప్పింది.

పోయిన వానాకాలం. పెద్ద హీరో సినిమా మొదటిరోజు మ్యాట్నీ. ఆడవాళ్ల గేటు దగ్గర తోపులాట. బొమ్మల రీలు అయిపోయి పెద్ద సినిమా మొదలైన కాసేపటికి రూతు గుండె పట్టుకుని కూలబడింది. ఎవరో నీళ్లిచ్చారు. ఎవరో రిక్షా తెచ్చారు. ఊళ్లో డాక్టరు చూసి వెంటనే తెనాలి తీసుకుపొమ్మన్నాడు. ఒక కుర్రాడు పైకి చెప్పబోతే గౌరీశంకరం మెట్ల దగ్గర చెయ్యి అడ్డంపెట్టాడు. "ఒక్కడు కూడా పైకి ఎక్కొద్దు. తెలిస్తే వాడు మిషను వదిలేసి పరిగెత్తుతాడు. ఆట ఆగితే జనం కుర్చీలు విరగ్గొడతారు."

ఆట ఆగలేదు. ఇంటర్వెల్లో టీ రాలేదు. జనం ఎక్కువగా ఉన్నారు, వీలు చిక్కలేదనుకున్నాడు దేవదానం. కొంచెం కోపం కూడా వచ్చింది. రెండో సగం ఇంకా శ్రద్ధగా నడిపాడు. మొదటిరోజు కదా, వెలుగు ఎక్కడా తగ్గకూడదని మర మీద చెయ్యి తియ్యలేదు. జనం ఈలలు వేస్తుంటే అతనికి గర్వంగా కూడా ఉంది. ఆ వేళకి రూతు తెనాలి దారిలో, కారులో వెనక సీటులో, పరాయివాళ్ల ఒళ్లో తల పెట్టుకుని చచ్చిపోయింది. ఆట వదిలాక చేతులు కడుక్కుని దిగివస్తే, పున్నమ్మ బుట్ట కిందపడేసి ఏడుస్తూ ఎదురొచ్చింది.

మట్టి చేసేచోటికి గౌరీశంకరం దండ తెచ్చాడు. అతని భుజం మీద చెయ్యి వేసి, "చెబితే మాత్రం నువ్వేం చేసేవాడివి దేవదానం?" అన్నాడు.

ఆ మాట గొంతులో చేపముల్లులా దిగింది. మింగుడుపడదు, బయటికి రాదు. ఏం చేసేవాడు? ఆమె తల పరాయి ఒళ్లో ఉండేది కాదు. అంతే చేసేవాడు. అది చాలదా? శత్రువును క్షమించమని పాస్టరుగారు ఆదివారం చెబుతాడు. దేవదానం ఆదివారాలు గుడికి పోవడం మానేశాడు.

హాలు మాత్రం మానలేదు. తిట్టుకుంటూనే మెట్లెక్కాడు. గేటు దగ్గర ఇప్పుడు వేరే ఆవిడ ఉంది. ఆవిడ తెర పక్కకు తియ్యదు, ఎండ గీత పడదు. అయినా పిల్లి వచ్చే వేళకి దేవదానం అద్దం కన్నం దగ్గరికి ఒంగుతాడు. మిగతా బొమ్మ చూడడు. పిల్లి లేస్తుందేమో చూస్తాడు. రూతు చూడాల్సింది, ఆమె లేదు గనక, అతను చూస్తున్నాడు. ఆమెకని అతను చెయ్యగలిగింది లోకంలో ఇదొక్కటే మిగిలింది. ఇంతోటి దానికి కూడా ఒకడు గొడుగు పట్టుకుని వచ్చి, పిల్లెవడికి కావాలని అడుగుతాడు.

"నేనిక్కడ ఉన్నంతకాలం కొయ్యను," అన్నాడు దేవదానం.

పున్నమ్మ అతని మొహం చూసింది. "నాకు చెబితే ఏముంది? ఆయనకి చెప్పు," అని బుట్ట దగ్గరికి పోయింది.

మ్యాట్నీకి కాన్వెంటు పిల్లలు బెలూన్లతో, బిగుసుకున్న టైలతో దిగారు. ప్రొప్రయిటరు పట్టుపంచె కట్టుకుని మనవరాలిని కుర్చీల మధ్యలో కూర్చోబెట్టాడు. సబ్బుల స్లైడులు, బట్టల కొట్ల స్లైడులు అయ్యాయి. దేవదానం బొమ్మల రీలు ఎక్కించాడు.

కుక్క వచ్చింది. బాతు వచ్చింది. పిల్లలు కేరింతలు కొట్టారు. దేవదానం ఎడమచేత్తో మర తిప్పుతూ, కుడిచేతి వేలు కదిలే ఫిలిం అంచుకు ఆనీ ఆనకుండా పెట్టాడు. బెజ్జాలు చిరిగిన ఫిలిం ముసలిదాని పళ్లలాంటిది. గట్టి పదార్థం తగిలితే ఊడిపోతుంది. అతుకు పైనుంచి దిగుతుండగా వేలికి గరుకు తగిలింది.

తెర మీద సందు. చెత్తడబ్బా. మూత మీద పిల్లి.

లేవలేదు.

కుక్క తన్నింది. అదే క్షణంలో అతుకు దాటింది. తెర మీద బొమ్మ ఒక్క కుదుపుతో చట్రం తప్పి, పిల్లి కాళ్లు పైకీ తల కిందికీ పోయి ఆగింది. దేవదానం మీట తిప్పి సర్దాడు. తెగలేదు. పిల్లి పొయ్యిలోంచి వచ్చింది, తుమ్మింది, గోడవారనే వెళ్లిపోయింది. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. కాళ్లు పైకి పోవడం కూడా బొమ్మలో భాగమే అనుకున్నారు.

"ఇవాళ కూడా లేవలేదు," అన్నాడు దేవదానం పైకే.

బొమ్మల రీలు విప్పి వెనక బల్ల మీద పెట్టి, పెద్ద సినిమా ఎక్కించాడు. పాట మొదలయ్యేసరికి మెట్లు మోగాయి.

"చూశావా? చూశావా? పిల్లి కాళ్లు పైకీ తల కిందికీ! అదేంటయ్యా అట్టా ఎగిరిందని అయ్యగారు అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను."

"తెగలేదుగదండీ."

"తెగేదాకా ఆగాలా?" గౌరీశంకరం బల్ల మీద చిన్న బల్బు వేసి, రీలు ఒళ్లోకి తీసుకుని విప్పడం మొదలుపెట్టాడు. ఫిలిం చుట్టలు చుట్టలుగా అతని చెప్పుల మీద పడింది.

"ముట్టుకోమాకండి."

"ముట్టుకుంటే?"

"ఆట అయ్యాక నేను చూసుకుంటానండి."

"ఆట అయ్యాక నువ్వు చూసుకునేది ఏడాదిగా చూస్తున్నాగా. నువ్వు మిషను చూడు, వెలుగు తగ్గుతుంది."

నిజంగానే తగ్గుతోంది. దేవదానం మర తిప్పాడు. మెడ మాత్రం వెనక్కి తిరిగి ఉంది. గౌరీశంకరం ఫిలిం బల్బుకు ఎత్తిపట్టుకుని, ఒక కన్ను మూసి వెతుకుతున్నాడు. బాతు, బాతు, సందు, డబ్బా. మధ్యలో నాలుగు అడుగుల దూరం. మర వదిలితే తెర ఆరుతుంది. వదలకపోతే...

"కొయ్యమాకండి. దండం పెడతా."

"పిల్లికి దండమేంటయ్యా, పిచ్చోడా," అని నవ్వుతూ బ్లేడు తీసుకున్నాడు. డబ్బాకు ముందొక కోత, గోడ తర్వాత ఒక కోత. పిల్లి మొత్తం అయిదారు బారల ముక్కై నేల మీద పడి, మెలికలు తిరిగి ఆగింది.

"అతికించడం నాకు చేతకాదు. అది నువ్వు చేసుకో." గౌరీశంకరం లేచి చేతులు దులుపుకుని, కరెంటు దండగని బల్బు ఆర్పాడు. గడప దగ్గర ఆగి, "నీ మంచికే చేశానయ్యా. ఉద్యోగం నిలబడింది," అన్నాడు. దిగిపోయాడు.

దేవదానం నిలబడ్డాడు. చెయ్యి దానంతట అది మర తిప్పుతోంది. తెర మీద వెలుగు తెల్లగా, నిండుగా ఉంది. ఈ చెయ్యే. ఆ రోజూ ఇదే చెయ్యి, ఇదే మర, ఇంతే నిండు వెలుగు. కింద పెళ్లాం కూలిపోతుంటే ఈ చెయ్యి వాడి కుర్చీలు కాపాడింది. ఇవాళ వెనక బ్లేడు ఆడుతుంటే మళ్లీ వాడి వెలుగే కాపాడింది. గౌరీశంకరం మీద కోపం పాతది. ఈ చెయ్యి మీద కోపం ఇప్పుడే పుట్టింది. ఎవడూ దీన్ని కట్టెయ్యలేదు. గుంజా లేదు, తాడూ లేదు. మర మీద ఉంచితే ఉంది, అంతే.

తీశాడు.

ఏమీ పగలగొట్టలేదు. పెద్ద సినిమా ఫిలిం ముక్కలు చెయ్యలేదు. చేస్తే నష్టం కట్టలేక ఆ హాలు ఏడాదికి లేవదు, ఆ సంగతి అతనికి తెలుసు. కింద పడిన ముక్కను ఏరుకోనూ లేదు. పెద్ద రీలు తిరుగుతుండగా, బనీనుతోనే, ఇనపమెట్లు చప్పుడు కాకుండా దిగాడు.

ఎండలో పున్నమ్మ తలెత్తింది. "ఏంటన్నా, ఆట మధ్యలో దిగొచ్చావు? ఎక్కడికి?"

"తెనాలి."

"ఇప్పుడా? మరి ఆట?"

"ఆడనీ."

ఆమె అతని నడక చూసింది. గుప్పెడు వేరుశనక్కాయలు కాగితంలో చుట్టి, వెనకే నాలుగడుగులు పరిగెత్తి చేతిలో పెట్టింది. స్టేషను వైపు, గోడల నీడలోంచి కాకుండా రోడ్డు మధ్యనుంచి నడుచుకుంటూ పోయాడు దేవదానం. రైలు కదలడానికి ఇంకా టైముంది.

లోపల తెర మీద నాయిక మొహం పచ్చబడింది. తర్వాత ఎర్రబడింది. తర్వాత ఆరిపోయింది. మాట మాత్రం ఆగలేదు. చీకట్లో నాయిక నాయకుడితో పోట్లాడుతూనే ఉంది.

"లైటెయ్యండహో!"

"ఒరే ఆపరేటరూ! పడుకున్నావేంట్రా?"

"రేడియో నాటకానికి టిక్కెట్టెందుకురా! డబ్బులు తిరిగిచ్చెయ్యండి!"

నేలలో ఎవడో మ్యావుమన్నాడు. కుర్చీలు దబదబలాడాయి. కాన్వెంటు పిల్ల ఒకతె ఏడుపు అందుకుంది, మిగతావాళ్లూ అందుకున్నారు. "గౌరీశంకరం!" అని చీకట్లోంచి ప్రొప్రయిటరు గొంతు గర్జించింది.

గౌరీశంకరం గొడుగు పారేసి మెట్లెక్కాడు. గదిలో మసకచీకటి. మిషను గరగరమంటోంది. దాని పక్కన తెల్లగా మనిషి ఆకారం.

"ఏంట్రా, దున్నపోతులా నిలబడ్డావు? వినబడటంలా? జీతం తినేది నిలబడటానికా?"

ఆకారం కదలలేదు.

"పిల్లి ముక్క కోశానని కక్షా? ముష్టి పిల్లి కోసం నా కొంప కూలుస్తావా?" కింద మరో కుర్చీ విరిగింది. గౌరీశంకరం గొంతు మారింది. "దేవదానం. నాయనా. నీకు పుణ్యముంటుంది. వెలుగియ్యి. దండం పెడతా."

రెండు చేతులూ జోడించాడు. జోడించిన చేతులతోనే దగ్గరికి పోయి, భుజం పట్టుకోబోయాడు. చేతిలోకి ఖాళీ గుడ్డ వచ్చింది.

పొద్దున రాగానే విప్పి మేకుకు తగిలించిన చొక్కా అది. కాలరు వెనక చెమట మరక, జేబు దగ్గర ఒక కుట్టు, కింది గుండీ లేదు. పంకా గాలికి దాని ఒక చెయ్యి కొంచెం లేచి, మళ్లీ పడింది.